తప్పిపోయిన మనిషి గురించి మాట్లాడేటప్పుడు

కర్నూలు

అబ్బీ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వూ నీ స్నేహితులూ ఆ ఆదోని కేసు మీద రాత్రి రెండు దాకా ఫోన్లలో చర్చలు పెడుతున్నారంట. మీరు చేసిన వీడియో కూడా పంపింది. రెండుసార్లు చూశాను. పత్తి అమ్ముకోవడానికి ఆదోని యార్డుకు పోయి ఆరేళ్లయినా ఇల్లు చేరని మనిషి. ఇంటివాళ్లు కాకుండా అతన్ని ఇంకా తలుచుకుంటున్నది మీరు నలుగురే. అందుకు నాకు సంతోషమే. కానీ మధ్యలో మీలో ఒకడు అతని భార్య గురించి, "మొగుడు పోయి ఇన్నేళ్లయినా బొట్టు తీయలేదంటే, అతను ఎక్కడున్నాడో ఈమెకు తెలిసే ఉండాలి" అన్నాడు. అక్కడ ఆపేసి కాసేపు బయట కూర్చున్నాను.

శవం దొరకలేదు, కబురు లేదు. ఆ తల్లి ఏం చేయాలి? బొట్టు పెట్టుకుంటే ఒక మాట, తీసేస్తే ఇంకో మాట. ఏడేళ్ల పాటు, బతికుంటే కబురు అందాల్సినవాళ్లకు ఏ కబురూ లేకపోతేనే, చట్టం కూడా మనిషి చనిపోయాడని అనుకోనిస్తుంది. చట్టమే ఆగుతున్న చోట మీరు ఆరేళ్లకే తీర్పు చెప్పేశారు.

ముప్పై మూడేళ్లు పోలీసు ఉద్యోగం చేశాను, అందులో పద్నాలుగేళ్లు స్టేషన్ రైటర్‌గా. మా మనిషి కనబడలేదని వచ్చినవాళ్ల మాటలు కాగితం మీద పెట్టడమే నా పని. ఆ అనుభవంతో చెబుతున్నాను, వినండి. ఈ పని మానొద్దు. నేరస్థుడు ఎవరనేది పక్కన పెట్టి, మనిషి ఎక్కడ అనేదాని మీద కూర్చోండి.

నేను పనిచేసిన ఒక ఊళ్లో ఇరవై ఏళ్ల పిల్ల కనబడకుండా పోయింది. చివరగా ఆమెను బస్టాండు దగ్గర దింపింది ఒక ఆటో అతను. ఆ సంగతి తనంతట తానే వచ్చి చెప్పాడు. అదే అతని మెడకు చుట్టుకుంది. స్టేషన్‌కు నాలుగుసార్లు పిలిపించారు, పిలిపించిన ప్రతిసారీ కాగితం రాసింది నేనే. వీధిలో ఆడవాళ్లు అతని ఆటో ఎక్కడం మానేశారు. బండి అమ్ముకుని భార్యాబిడ్డలతో ఊరు వదిలిపోయాడు. రెండేళ్లకు ఆ పిల్ల హుబ్లీలో దొరికింది, ఇష్టపడినవాడిని పెళ్లి చేసుకుని చక్కగా ఉంది. మేజరు కాబట్టి స్టేట్‌మెంట్ తీసుకుని వదిలేశాం. ఆ ఆటో అతనికి ఈ కబురు చెప్పాలని చాలా తిరిగాను. దొరకలేదు. ఇప్పటికీ నా మనసులో ముల్లు అది.

ఇది మన దగ్గరే జరిగేది అనుకోకు. 2013 ఏప్రిల్‌లో అమెరికాలోని బోస్టన్‌లో మారథాన్ పరుగు దగ్గర బాంబులు పేలాయి. నెట్‌లో జనం ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని, అంతకు నెల ముందే కనబడకుండా పోయిన ఒక భారతీయ మూలాల విద్యార్థి మీద వేలు పెట్టారు. కొడుకు ఎక్కడున్నాడా అని వెతుక్కుంటున్న ఆ ఇంటికి తిట్లు, బెదిరింపులు పోయాయి. కొద్ది రోజులకు ఆ అబ్బాయి శవం నదిలో దొరికింది. ఆ పేలుళ్లతో అతనికి ఏ సంబంధమూ లేదు. 2018 ఎండాకాలంలో మన వైపు పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా వచ్చిందని వాట్సాప్‌లో పుకార్లు తిరిగిన రోజులు నీకూ గుర్తుండే ఉంటాయి. భాష తెలియక, దారి తెలియక తిరిగేవాళ్లను జనం పట్టుకుని కొట్టారు. తప్పిపోయిన మనిషి కూడా సరిగ్గా అట్లాగే ఉంటాడు కదా, అబ్బీ.

ఇక చేయాల్సిన పని. ఒక లాంగ్ నోట్‌బుక్ తీసుకో. ఎడమ పేజీలో కళ్లారా చూసినవాళ్లు చెప్పిన మాటలు, కుడి పేజీలో విన్న మాటలు. రెండూ కలవకూడదు. మీ వీడియోలో చెప్పినవన్నీ ఇట్లా విడదీసి చూశాను, ఎడమ పేజీకి వచ్చినవి మూడే. సాక్షి దగ్గర ముందే ఫోటో తీసి "ఈయన్నే చూశావా" అని అడగొద్దు. ఆ ముఖం కళ్లలో పడ్డాక చూడనివాడు కూడా చూశానంటాడు, అబద్ధమాడాలని కాదు. "ఆ రోజు యార్డులో ఎవరెవరున్నారు, ఏం కట్టుకున్నారు" అని అడిగి, చెప్పనివ్వండి. టైము అడిగితే ఎవరికీ గుర్తుండదు. వేలం పాట అయ్యాకా ముందా, కాటా వేశాకా, అన్నం తిన్నాకా అని అడిగితే గుర్తొస్తుంది.

ఆనవాళ్లలో ముఖం కన్నా బట్ట ముఖ్యం. ఒకసారి కేసీ కెనాల్‌లో, అదే కర్నూలు-కడప కాలువలో, ఒక శవం తేలింది. నీళ్లలో నాని ముఖం గుర్తుపట్టేటట్టు లేదు. చొక్కా కాలర్ వెనక టైలర్ లేబుల్ ఉంది కానీ అక్షరాలు పోయి రెండు మిగిలాయి. ఆ చొక్కా పట్టుకుని ఊరూరా టైలర్లకు చూపించుకుంటూ పోతే, ఎమ్మిగనూరులో ఒక పెద్దాయన లేబుల్ వైపు చూడనేలేదు. కాజా తిప్పి చూసి, "ఇది నా చెయ్యే" అన్నాడు. కాజా చివర దారం రెండు చుట్లు ఎక్కువ తిప్పడం ఆయన అలవాటంట. సాయంత్రానికి ఆ చనిపోయినతని ఇల్లు దొరికింది. అందుకే ఆ తల్లిని, ఆ రోజు ఆయన ఏ చొక్కా వేసుకున్నాడు, ఎవరు కుట్టారు, పచ్చబొట్టు ఉందా, చెప్పులెట్లాంటివి అని అడిగి రాసుకోండి. మీరు ఇంతవరకూ ఇవేవీ అడగలేదు.

ఆదోనిలో రైలెక్కితే ఒకవైపు గుంతకల్లు, ఇంకోవైపు రాయచూరు, సోలాపూర్, ముంబై. పత్తి ధర పడిపోయిందో, అప్పులవాళ్లకు ముఖం చూపించలేకపోయాడో, మతి చలించిందో మనకు తెలియదు. బతికే ఉండొచ్చు. అనాథాశ్రమాలకు, మానసిక రోగుల ఆశ్రమాలకు ఫోటో, ఆనవాళ్లు పంపండి. కన్నడంలో, హిందీలో, మరాఠీలో రాయించండి. ఆశ్రమంలో ఉన్నవాళ్లకు ఆధార్ తీయబోతే పాత వేలిముద్రలు కలిసి ఇల్లు దొరికిన సంఘటనలు దేశంలో చాలా ఉన్నాయి.

సీసీ కెమెరా, టవర్ లొకేషన్ అని మీరు వాదించుకుంటున్నవి ఇప్పుడు దొరకవు. చాలా చోట్ల కెమెరాలో నెల తిరిగేసరికి పాతదాని మీద కొత్తది పడిపోతుంది. కాల్ రికార్డులు కంపెనీలు రెండేళ్లు ఉంచాలన్న నియమం 2021 చివర్లో వచ్చింది, అంతకు ముందు ఏడాదే. ఆ రోజుల్లోనే తీసి ఉంటే ఫైల్లో ఉంటాయి. రేపు ఇంకెవరైనా తప్పిపోతే మాత్రం ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న మాట నమ్మొద్దు, అట్లాంటి రూలు లేదు. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్, అంటే ఆ చోటు వాళ్ల పరిధిలో లేకపోయినా రాసుకునే ఫిర్యాదు, ఇవ్వొచ్చు.

కొత్త సంగతి ఏది దొరికినా ముందు ఆ స్టేషన్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకో. పట్టించుకోకపోతే సోమవారం ఎస్పీ ఆఫీసు గ్రీవెన్స్‌లో ఆ తల్లి చేత అర్జీ ఇప్పించండి. మూసేసిన కేసును కూడా కొత్త ఆధారం ఉంటే తిరగతోడతారు. నాకు చెబితే నేనూ వస్తాను.

వీడియో కింద ఆమె ఫోన్ నంబరు పెట్టారు. ఈ రోజే తీసేయండి. "మీ ఆయన మా దగ్గరున్నాడు, చార్జీలకు ఐదు వేలు వేయండి" అని ఫోన్లు వస్తాయి. ఒకామె చెవి కమ్మలు తాకట్టు పెట్టి అట్లా రెండుసార్లు వేసింది, మూడోసారి మా దగ్గరకొచ్చింది. ఫోన్లు రావాలంటే మీలో ఒకడి నంబరు పెట్టుకోండి. వాళ్ల కూతురు, ఆ తొమ్మిదో తరగతి పిల్ల ముఖం కూడా అందులో కనబడుతోంది. ఆ పిల్ల రేపు బడికి పోవాలి.

నన్నడిగితే ఆ వీడియో మొత్తం తీసేయండి. తీసేశాక నువ్వే పోయి, బొట్టు గురించి అన్న మాట తప్పని ఆమెకు చెప్పిరా. మీ పెద్దమ్మ తోడొస్తానంది. నలుగురు మగపిల్లలు ఒకేసారి ఆ గడప ఎక్కొద్దు. ఆమె మాట్లాడతానంటేనే నోట్‌బుక్ బయటికి తీయి. వద్దంటే టీ తాగి వచ్చేయండి.

నీ పెద్దనాయన