మార్వెల్‌లో దాగిన చిరునవ్వు

సందేహం: తాజ్‌మహల్ మీద ఒక ఇంగ్లీషు వ్యాసంలో ‘మార్బుల్ మార్వెల్’ అని చదివాను. పాలరాయికీ మార్వెల్‌కీ చుట్టరికం ఉందా? మార్వెల్ అంటే అద్భుతమేనా? మా మనవడిని అడిగితే అది సినిమాల కంపెనీ పేరంటున్నాడు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: మనవడిని కోప్పడకండి. 1939లో అమెరికాలో వెలువడిన ఒక బొమ్మల కథల పుస్తకానికి పెట్టిన పేరది. కంపెనీకి ఆ తరవాత అబ్బింది. పాలరాయితో మాత్రం చుట్టరికం లేదు. మార్బుల్ గ్రీకు ‘మర్మరోస్’ సంతతి. వ్యాసకర్త ఆడుకున్నది శబ్దంతో.

మార్వెల్ పుట్టిల్లు లాటిన్. ‘మిరాబిలిస్’ అంటే వింతపడదగినది. దాని బహువచనం ‘మిరాబిలియా’. జనం నోట ఆ బహువచనమే ఏకవచనమై, ఫ్రెంచిలో ‘మెర్వెయ్’గా మారి, ఇంగ్లీషు గడప తొక్కింది. నవ్వకండి. చెప్పుల దుకాణంలో మనం ‘షూసులు చూపించండి’ అనడం లేదూ? మిరకిల్, అడ్మైర్, అద్దమనే అర్థమున్న మిర్రర్ – అన్నీ ఆ ఇంటి పిల్లలే.

ఇంకాస్త వెనక్కి పోతే మన పెరట్లోకే వస్తాం. మిరాబిలిస్‌కు మూలం ‘మీరుస్’, అంటే వింతైనది. లాటిన్‌లో ‘మ’, ‘న’ల ముందు పదాది సకారం నిలవదు. ఇంగ్లీషు ‘స్నో’కి లాటిన్ చుట్టం ‘నిక్స్’ అయిందందుకే. ఆ జారిపోయిన సకారాన్ని మీరుస్‌కు తిరిగి అతికితే తేలేది సంస్కృత ‘స్మి’ ధాతువు తోబుట్టువని నిరుక్తకారుల్లో చాలామంది మాట. స్మితం, విస్మయం ఆ ధాతువువే. ఇంగ్లీషు ‘స్మైల్’ కూడా. నవ్వుకూ వింతకూ ఏం పొత్తంటారా? గాలిబుడగను మొదటిసారి చూసిన పసివాడి మొహం చూడండి. కళ్ళు పెద్దవవుతాయి, పెదవులు వాటంతటవే విచ్చుకుంటాయి. అద్భుతరసానికి నాట్యశాస్త్రకారుడు భరతుడు స్థాయిభావంగా, అంటే మూలమైన భావంగా, చెప్పింది ఈ విస్మయాన్నే.

అమరకోశం కూర్చిన అమరసింహుడు విస్మయం, అద్భుతం, ఆశ్చర్యం, చిత్రం నాలుగింటినీ ఒక్క వరసన కూర్చోబెట్టాడు. చిత్రం మనకు సినిమా అయి కూర్చుంది. ఆశ్చర్యం సంగతి వేరు. ‘ఆశ్చర్యమనిత్యే’ అన్నాడు పాణిని: నిత్యం కానిదే ఆశ్చర్యం. మనకేమో రోజూ అద్భుతాలే: పొద్దున దోసె అద్భుతం, మధ్యాహ్నం పప్పుచారు అద్భుతం, సాయంత్రం పక్కింటివాళ్ళ ఫొటో ‘అద్భుతః’! తెలుగు వాక్యంలో ఆ విసర్గ ఎవరి కోసమో నాకు అంతుబట్టదు.

నిజంగా వింత ఎదురైతే మనిషి ఎలా మాట్లాడతాడో తెలియాలంటే పోతన దగ్గరికి పోవాలి. మన్ను తిన్నాడని కొడుకు నోరు తెరిపించిన యశోదకు అందులో బ్రహ్మాండం కనబడింది. ఆవిడ ‘అద్భుతం’ అనలేదు. ‘కలయో! వైష్ణవ మాయయో!’ అని మొదలుపెట్టి, ‘బాలకుఁడెంత’ అనేలోగా ఏడు ‘ఓ’లు దాటింది. వాటిలో ఆరోది చూడండి: ‘యశోదాదేవిఁ గానో!’ నేను నేనేనా అన్న అనుమానం. కొడుకు నోరు చూడబోయి తన్ను తాను పోగొట్టుకుంది. అదంతా అయ్యాకే ‘మహాశ్చర్యంబు చింతింపఁగన్’. విశేషణం చివర్న, అదీ ఆలోచించాక! మనం దాన్ని ముందే వాడేస్తాం, ఆలోచన ఎప్పుడో తీరికున్నప్పుడు.

ఇక మీరడిగిన దానికి. మార్వెల్‌కు అద్భుతమంటే తప్పు లేదు. ‘వింత’ను ‘వండర్’కు ఇచ్చేశాం, ఏడు వింతలన్న మాట పాతుకుపోయింది. అద్భుతానికి తద్భవం అబ్బురం ఉంది. పనిలేక మూలన కూర్చున్న చక్కని మాట. నేనైతే తాజ్‌మహల్‌ను ‘పాలరాతి అబ్బురం’ అంటాను. మీ మనవడి సినిమాలకు అది అతుకుతుందో లేదో వాణ్ణే అడగండి.