రాత్రి పిలుపుల ఉద్యోగంలో చేరుతున్న మేనకోడలికి

ఒంగోలు

ప్రియమైన మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ప్రభువు నామమున శుభములు.

నెల్లూరులో ఆసుపత్రి వారు నిన్ను ఆన్‌కాల్ చాప్లిన్‌గా, అంటే పిలిచినప్పుడు వెళ్ళి రోగులకూ వారి ఇంటివాళ్ళకూ తోడుగా ఉండి ప్రార్థించే సేవకురాలిగా తీసుకున్నారనీ, వచ్చే నెల నుంచి వారంలో కొన్ని రాత్రులు ఫోన్ మోగితే వెళ్ళవలసి ఉంటుందనీ మీ అమ్మ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె గొంతులో కోపం ఎంత ఉందో గర్వమూ అంతే ఉంది. "పెళ్ళి కావలసిన పిల్ల అర్ధరాత్రి చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ దగ్గరికి పోవడమేమిటన్నయ్యా, ఈ పిచ్చి దానికి ఎక్కించింది నీవే" అని నన్ను నిలదీసింది. నేను బదులు చెప్పలేదు గానీ, ఫోన్ పెట్టేశాక మీ అత్తయ్యకు ఆ సంగతి రెండుసార్లు చెప్పాను. మన ఇంట్లో ఈ పని నాతోనే ఆగిపోతుందనుకున్నాను.

వెల్లూరులో శిక్షణ పొందివచ్చావు కనుక చేతులు కడుక్కోవడం, మాస్కు, గుర్తింపు కార్డు వంటివి నేను చెప్పనక్కరలేదు. ఫోన్‌కు ఛార్జింగ్ ఉంచుకో. చప్పుడు చేయని చెప్పులు కొనుక్కో. కేథలిక్ రోగులకు తైలాభ్యంగనం, అంటే ప్రార్థనతో నూనె పూసే సంస్కారం, ఇవ్వవలసినది వారి ఫాదర్‌గారే కనుక ఆయన నంబరూ, దగ్గరి మసీదు ఇమాంగారి నంబరూ, ఒక పురోహితుడి నంబరూ చేరకముందే సంపాదించుకో.

ఫోన్ రాగానే పరుగెత్తకు. ఏ వార్డు, పరిస్థితి ఎలా ఉంది, పిలవమన్నది ఎవరు అని అడుగు. ఈ మూడో ప్రశ్ననే అందరూ మరిచిపోతారు. కువైట్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి, మా నాన్న దగ్గర ప్రార్థన చేయించండి అంటాడు. ఆ నాన్నకు భార్య పోయిన నాటి నుంచి దేవుడి పేరు ఎత్తితే ఒళ్ళు మంట. కొన్నిసార్లు పిలిచేది డ్యూటీ సిస్టరే అవుతుంది, ఎందుకంటే ఐసీయూ బయట ఒకామె నేలమీద కూర్చుని గోడకు తల కొట్టుకుంటూ ఉంటుంది, సిస్టరుకేమో లోపల ఊపిరి సలపని పని. అప్పుడు నీ పని ఆ నేలమీదే ఉంది. చీర నలుగుతుందని చూడక ఆమె పక్కనే చతికిలబడు. లోపల ఏమి జరిగిందో నీకు తెలిసినా, డాక్టరు వచ్చి చెప్పేవరకు నీ నోటి నుంచి రాకూడదు.

రోగి దగ్గర నిలబడి మాట్లాడకు, స్టూలు లాక్కుని కూర్చో. నీవెవరో చెప్పి, కాసేపు కూర్చోవచ్చునా అని అడుగు. వద్దంటే నమస్కారం పెట్టి వచ్చేయి, మొహం చిన్నబుచ్చుకోకు. సూది వద్దంటే ఇంట్లోవాళ్ళు కేకలేస్తారు, గంజి వద్దంటే బతిమాలి తాగిస్తారు. ఆ వార్డులో అతడు ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా వద్దనగలిగినది నిన్నొక్కదాన్నే. చాలామంది నిన్ను నర్సు అనుకుని, సెలైన్ అయిపోయిందమ్మా అంటారు. సిస్టరును పిలువు, నీవు ఆ గొట్టాన్ని ముట్టుకోకు. నోటి ద్వారా ఏమీ ఇవ్వరాదు అన్న అట్ట వేలాడుతూ ఉంటే ప్రభు భోజనపు రొట్టెముక్కయినా, తులసి తీర్థమైనా, జమ్‌జమ్ నీళ్ళయినా సిస్టరును అడగకుండా పోయనివ్వకు. ఆక్సిజన్ ఉన్నచోట కొవ్వొత్తి, అగరువత్తి వెలిగించనివ్వకు. ఎవరి మనసు నొచ్చుకున్నా సరే.

నెల్లూరు జనం నీకు కొత్త కాదు. మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ముస్లింలతో పాటు హిందువులూ దిగి రొట్టెలు మార్చుకునే ఊరు అది. ఆరోగ్య రొట్టె పట్టుకుని తిని, మిగిలిన ముక్కను కాగితంలో చుట్టి బిడ్డ తలగడ కింద దాచిన తల్లి నీకు తప్పక కనబడుతుంది. దుప్పట్లు మార్చే ఆయా దాన్ని చెత్తబుట్టలో వేయకుండా చూడడం కూడా నీ పనేనని నా అభిప్రాయం. ముస్లిం రోగి చివరి గడియల్లో ఉంటే మంచం పడమటి వైపు తిప్పడానికి వీలుందా అని సిస్టరుతో మాట్లాడు, కలిమా అనే వారి విశ్వాస వాక్యం చెప్పే బంధువుకు తలాపున చోటు ఇచ్చి నీవు వెనక్కి తప్పుకో. ఇంటి గడపలోనే ప్రాణం పోవాలని కోరుకునే ముసలివాళ్ళు మన పల్లెల్లో ఎందరో. అటువంటి మాట చెవిన పడితే డాక్టరుకు చేర్చడం ఆలస్యం చేయకు. అంబులెన్సు దొరికి, సంతకాలు అయ్యేసరికి ఆ కోరిక తీరే వేళ దాటిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. దీనికోసమే ఉత్తరం మొదలుపెట్టాను.

నేను ఈ పనిలో కొత్తగా చేరిన రోజుల్లో నాకంటే పెద్దవారైన ఒక పాస్టరుగారి వెంట వార్డులు తిరిగేవాణ్ణి. భక్తిపరుడు, తన జీతంలో సగం రోగుల మందులకే ఖర్చుపెట్టేవారు. ఒక రాత్రి, పడమటి మెట్ట ప్రాంతపు పల్లె నుంచి ట్రాక్టరు తిరగబడి నడుం దెబ్బతిన్న కుర్రవాణ్ణి తెచ్చారు. పక్కన తల్లి ఉంది. నుదుట బొట్టు లేదు, చేతిసంచిలో తువ్వాలులో చుట్టిన బైబిలు ఉంది. ఆమె ఆయా చెవిలో గుసగుసగా అడిగితే మాకు కబురు వచ్చింది. పాస్టరుగారు రాగానే మంచం కాళ్ళ దగ్గర తగిలించిన కేసు షీటు తీసి చూశారు. మతం అన్నచోట హిందూ అని రాసి ఉంది. ఆయనకు కోపం వచ్చింది. నిండిన వార్డులో, పక్క మంచాలవాళ్ళందరూ వింటూ ఉండగా, "ప్రభువును నమ్ముకున్నదానివి, ఆయన పేరు రాయించడానికి సిగ్గుపడ్డావా అమ్మా?" అని గట్టిగా అడిగారు. జేబులోని పెన్ను తీసి, హిందూ అన్నదాన్ని కొట్టివేసి, క్రైస్తవుడు అని దిద్దారు. ఆ తరువాత చాలా చక్కగా ప్రార్థన చేశారు. ఆమె ప్రార్థనకు కళ్ళు మూసుకోలేదు. మూడో మంచం దగ్గర కూర్చున్న ఒకాయన వైపే చూస్తూ ఉంది. ఆయన వాళ్ళ మండలంవాడే.

నీకు విడమరచి చెప్పనక్కరలేదు గానీ చెబుతాను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తరువాతి సవరణల ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకూ, సిక్కులకూ, బౌద్ధులకూ మాత్రమే. ఆ కులాలవాళ్ళు క్రైస్తవులమని కాగితాల మీదికి ఎక్కితే మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లో ఒక వర్గమైన బీసీ-సీ కింద లెక్క. ఆ చట్టం న్యాయమో కాదో అన్నది వేరే మాట, దానిమీద నా అభిప్రాయం నీకు తెలుసు. మన జిల్లాల్లో మాల, మాదిగ కుటుంబాలు ఎన్నో ఆదివారం ఒక విధంగా, సర్టిఫికెట్టులో మరొక విధంగా బతుకుతున్నాయి. ఆ కుర్రవాడి అన్నకు అప్పుడే రిజర్వేషన్ మీద ఉద్యోగం వచ్చి ఉంది. కొన్ని నెలలకు ఎమ్మార్వో ఆఫీసుకు ఆకాశరామన్న అర్జీ వెళ్ళింది. ఆ అర్జీ మూడో మంచం దగ్గరి మనిషి పెట్టాడో, ఊళ్ళో పాత కక్షలున్నవాళ్ళు పెట్టారో ఎవరూ తేల్చలేకపోయారు. ఆ ఇంటివాళ్ళు మాత్రం అది వార్డులో పుట్టిందనే నమ్మారు, వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. విచారణలని, సాక్ష్యాలని ఆఫీసుల చుట్టూ తిప్పారు. చివరికి ఉద్యోగం నిలిచింది. కానీ ఆ తల్లి మళ్ళీ ఆ ఆసుపత్రి గేటు తొక్కలేదు, ఇంటికి వెళ్ళిన పాస్టరుగారికి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఒక్క మాటా మాట్లాడలేదట. ఆయన నాతో ఆ సంగతి చెప్పినప్పుడు కూడా, "అబద్ధాన్ని దిద్దాను, తప్పేముంది?" అనే అన్నారు. అది అబద్ధమే అనుకుందాం. దాన్ని దిద్దుకోవలసినవాళ్ళు ఆ కుటుంబంవాళ్ళు, వాళ్ళకు వీలైనప్పుడు, వాళ్ళ చేతులతో.

అందుచేత నీవు పేరు చూసి, బొట్టు చూసి, కేసు షీటు చూసి ఎవరి నమ్మకాన్నీ నిర్ణయించకు, నిర్ణయించినా నోటితో అనకు. "మీకు ధైర్యం ఇచ్చేది ఏమిటి? ఎవరినైనా పిలిపించమంటారా?" అని చెవిలో పడేటంత మెల్లగా అడుగు, చాలు. నీ నోట్సులో వచ్చిన సమయం, పిలిచినవారు, ఎంతసేపు ఉన్నది, మళ్ళీ రావాలా అన్నవి మాత్రమే రాయి. ఇప్పుడు అంతా కంప్యూటరు కనుక, నీవు రాసినది బిల్లింగు కౌంటరులోని పిల్లవాడు కూడా చదవగలడేమో కనుక్కో.

కాగితం సంగతి ఇలా ఉంటే వాట్సాప్ ఇంకా ప్రమాదం. ప్రార్థన అంశాలని చెప్పి రోగి పేరు, ఊరు, జబ్బు సంఘం గ్రూపులో పెట్టేవాళ్ళను చూస్తూనే ఉన్నాను. సాయంత్రానికి అది నాలుగు మండలాలు తిరుగుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవారి సంగతి వారి అనుమతి లేకుండా బయటపెట్టడం 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం ప్రకారం నిషిద్ధం కూడా. "ఒక సహోదరి కోసం ప్రార్థించండి" అంటే దేవుడికి అర్థం కాదా? మంచం పక్కన చేయి పట్టుకుని ఫొటో దిగావని తెలిస్తే నేనే నెల్లూరు వచ్చి నీ ఫోన్ లాక్కుంటాను.

అదేవిధంగా, పడిపోయి ఉన్న మనిషికి బాప్తిస్మం ఇప్పించమని తొందరపెట్టే బంధువులుంటారు. మన ఒంగోలు చరిత్రే నీకు అండ. 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. ఆ కాలంలో బాప్తిస్మం కావాలని వచ్చినవారికి, ఆకలి కోసం వచ్చారన్న మాట పడకూడదని, ఇవ్వకుండా ఆపాడు. ఆ తరువాతనే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. అందరూ ఆ అంకెను చెప్పుకుంటారు, అంతకుముందు ఆగిన నెలలను చెప్పుకోరు. ఐసీయూ మంచం ఆ కరువు కంటే తక్కువేమీ కాదు. రోగే తెలివిలో ఉండి, తన నోటితో అడిగితే అతడి సంఘ కాపరికి కబురు చెయ్యి. కొడుకులు అడిగితే ఆగమని చెప్పు.

మన వైపు పురుగుమందు కేసులు నీకు తరచుగా తగులుతాయి. రెండో రోజున అతడు లేచి కూర్చుని, తేటగా మాట్లాడి, ఇంటికి పోదాం అంటాడు. తల్లి నీ చేతులు పట్టుకుని, దేవుడు కాపాడాడు కదమ్మా అంటుంది. కాపాడాడని అనకు. ఆ మందుల్లో కొన్నింటికి కండరాలూ ఊపిరితిత్తులూ దెబ్బతినేది ఆ తరువాతనే. "ఇంకా డాక్టర్లు చూస్తున్నారమ్మా, నేను మళ్ళీ వస్తాను" అను, అన్నట్టే వెళ్ళు. పోలీసు కేసు అవుతుందని ఇంట్లోవాళ్ళు వణికిపోతారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలనీ, శిక్షించరాదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతున్నదని వారికి తెలియజెయ్యి. మళ్ళీ అదే పని చేస్తానని అతడు నీతో అంటే మాత్రం అది దాచవలసిన రహస్యం కాదు, డాక్టరుకు చెప్పవలసినదే. ఆ మాట అతడికి ముందే చెప్పు, నమ్మించి మోసం చేసినట్టు కాకుండా.

ఇక నీ సంగతి. రాత్రి రెండింటికి పని ముగిస్తే డ్యూటీ గదిలోనే పడుకో, తెల్లవారాక ఇంటికి వెళ్ళు. నిద్రకళ్ళతో స్కూటీ మీద హైవే దాటకు. క్యాజువాలిటీకి హైవే నుంచి వచ్చినవాళ్ళను నేను చూసినంత మంది నీవు చూడలేదు, అందుకే నీకు నవ్వులాటగా ఉంటుంది. అన్నం తిని వెళ్ళు. వచ్చాక మీ అమ్మ గుమ్మంలోనే ఆపి తలస్నానం చేయమంటుంది. మనం ఏ సంఘమైనా ఆ అలవాటు పోదు, వాదించకు, అలసిన ఒంటికి ఆ వేడినీళ్ళు మంచివే. పసిబిడ్డ పోయిన రాత్రి తరువాత మాత్రం ఒంటరిగా ఉండకు. పేర్లు, ఊళ్ళు చెప్పకుండా నాకు ఫోన్ చెయ్యి, ఏ వేళైనా సరే. మీ అత్తయ్య తీసినా ఏమీ అనుకోదు.

మీ అమ్మతో నేను మాట్లాడతాను, నీవు ఆమెకు ఎదురుచెప్పి గొడవ పెట్టుకోకు. చేరకముందు ఒక్క పని చెయ్యి. కేసు షీటులో మతం అన్న గడి ఇంకా ఉందా, ఉంటే అది నింపేది ఎవరు, రోగిని అడిగి నింపుతారా, పేరు చూసి నింపుతారా అన్నది రికార్డుల విభాగంలో కనుక్కుని నాకు రాయి.

ఇట్లు,
నీ మామయ్య