ట్రస్టెడ్ కీ కోడ్ రివ్యూలో ముందు ఏం చూడాలి?

లినక్స్ కెర్నల్‌లో హార్డ్‌వేర్ కాపలా ఉన్న కీల (ట్రస్టెడ్ కీల) కోడ్‌ను రివ్యూ చేసేటప్పుడు దృష్టి దేని మీద పెట్టాలని అడిగారు. చాలామంది ఎన్‌క్రిప్షన్ అల్గారిథమ్ దగ్గరే ఆగిపోతారు. నేనైతే ముందు కీ ఏ బఫర్‌లో (మెమరీలో డేటాను తాత్కాలికంగా ఉంచే చోటు) ఎంతసేపు ఉంటుందో చూస్తాను.

ట్రస్టెడ్ కీ అసలు రూపం యూజర్‌స్పేస్‌కు, అంటే కెర్నల్ బయట నడిచే ప్రోగ్రామ్‌లకు కనబడకూడదు, సీల్ చేసిన బ్లాబ్ (కీని ఎన్‌క్రిప్ట్ చేసిన డేటా ముద్ద) మాత్రమే బయటికి రావాలి. 2024లో ఎన్‌ఎక్స్‌పీ చిప్‌లలోని డీసీపీకి (ఎన్‌క్రిప్షన్ పనులు చేసే హార్డ్‌వేర్ భాగం) సపోర్ట్ చేర్చిన కోడ్ ఈ నియమాన్నే తప్పింది. బ్లాబ్‌కు తాళంలాంటి కీని, అంటే బ్లాబ్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే కీని, బ్లాబ్‌లో అది ఉన్న చోటే డీక్రిప్ట్ చేసింది. దాంతో బ్లాబే మారిపోయి, తర్వాత ఆ కీని రీడ్ చేసిన ప్రతిసారీ ఆ తాళం కీ బయటికి పోయింది. అల్గారిథమ్‌లో ఏ లోపమూ లేదు! వేరే బఫర్‌లోకి డీక్రిప్ట్ చేసి సరిదిద్దారు.

రిటర్న్ విలువల సంగతీ అంతే. టీపీఎమ్ అనే సెక్యూరిటీ చిప్ నుంచి ర్యాండమ్ బైట్లు తెచ్చే టీపీఎమ్_గెట్_ర్యాండమ్ ఫంక్షన్ ఎన్ని బైట్లు వచ్చాయో చెబుతుంది. అడిగినన్ని రాకపోతే ఆపేయాలి, లేదంటే కీలో కొంత భాగం ర్యాండమ్ కాకుండా పోతుంది. పని అయ్యాక బఫర్‌ను మెమరీని విడుదల చేసే మామూలు కేఫ్రీతో వదిలేస్తే ఒప్పుకోకండి, అందులోని డేటాను ముందు చెరిపేసే కేఫ్రీ_సెన్సిటివ్ వాడమనండి. ఎర్రర్ వచ్చి మధ్యలో బయటపడే దారుల్లో ఇది ఎక్కువగా మర్చిపోతుంటారు.