వీనీ రోస్ట్‌లో ఒక బ్యాండ్ దిగీ దిగగానే ఇంకో బ్యాండ్ ఎలా మొదలవుతుంది?

ప్రశ్న: లాస్ ఏంజెలెస్‌లో కేరాక్ రేడియో (106.7 ఎఫ్‌ఎం) పెడుతూ వచ్చిన వీనీ రోస్ట్ కచేరీలో ఒక్క రోజులో అన్ని బ్యాండ్లు ఎలా వాయిస్తాయి?

స్టేజీ తిరుగుతుంది కాబట్టి. 1993లో అర్వైన్ మెడోస్ అనే ఆరుబయటి వేదికలో మొదలైన ఈ కచేరీ గురించి ఎవరిని అడిగినా బ్యాండ్ల పేర్లే చెబుతారు. నా లెక్కలో సగం ఘనత స్టేజీని తిప్పే ఆ చక్రానిది. మామూలు స్టేజీ మీద బ్యాండు మారడానికి పాతిక నిమిషాలు పడుతుంది. పది బ్యాండ్లకు తొమ్మిది మార్పులు, అంటే 225 నిమిషాలు. జనం దాదాపు నాలుగు గంటలు ఖాళీ స్టేజీ చూస్తూ కూర్చోవాలి.

చక్రానికి మధ్యలో అడ్డుగోడ ఉంటుంది. ముందు సగంలో ఒకళ్ళు వాయిస్తుంటే వెనక సగంలో తర్వాతి వాళ్ళ సామాను ఎక్కుతుంది. డ్రమ్స్‌ని ఎనిమిదడుగుల చదరపు రైజర్ (చక్రాలున్న ఎత్తు బల్ల) మీద ముందే బిగించి, తోసుకొచ్చి, దాని కింది చక్రాలకు బ్రేకులు వేస్తారు. ఆ తర్వాతే అసలు పని, లైన్ చెక్, అంటే ఒక్కో మైకు సిగ్నలూ మిక్సర్‌లో తన ఛానెల్‌కే చేరుతోందో లేదో వినడం. డ్రమ్స్‌కే పది మైకులు: కాలితో కొట్టే కిక్ డ్రమ్‌కి రెండు, స్నేర్ డ్రమ్‌కి పైనా కిందా, హై-హ్యాట్ తాళాలకి ఒకటి, టామ్ డ్రమ్స్‌కి మూడు, మొత్తానికీ పైన పెట్టే ఓవర్‌హెడ్లు రెండు. బేస్, గిటార్లు, కీబోర్డు, గొంతులు కలిపితే ఇరవై నాలుగు దాకా తేలతాయి. డ్రమ్స్ సిద్ధం చేసే డ్రమ్ టెక్ కిక్ కొడుతూనే ఉంటాడు. స్టేజీ మీది వాళ్ళకు వినపడే ధ్వని చూసుకునే మానిటర్ ఇంజినీరు హెడ్‌ఫోన్స్‌లో విని బొటనవేలు ఎత్తాక రెండో ఛానెల్‌కి వెళతారు. బయటి స్పీకర్లలోకి ఇదేమీ రాదు.

ఇక్కడే కొత్తవాళ్ళు బోల్తా పడతారు. మిక్సర్‌లో సిగ్నల్ చూపే మీటరు కదిలింది కదా, మైకు పనిచేస్తోందనుకుంటారు. గోడకు అవతల వాయిస్తున్న వాళ్ళ హోరు కూడా ఈ మైకుల్లో పడుతుంది. స్నేర్ మైకు వైరు టామ్ ఛానెల్లో గుచ్చినా మీటరు హాయిగా ఆడుతుంది. కాబట్టి ప్రతి మైకు గ్రిల్‌నూ గోటితో గీకి వినాలి. ఓవర్‌హెడ్లు, యాక్టివ్ డీఐ బాక్సు (బేస్, కీబోర్డులను నేరుగా మిక్సర్‌కి కలిపేది) మూగబోతే ముందు మిక్సర్ నుంచి మైకు వైరులోనే వెళ్ళే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్, ఆన్‌లో ఉందో లేదో చూడాలి. వైరు మార్చడం ఆ తర్వాత.

ఇంకో చిక్కు కేబుళ్ళది. స్టేజీని ఎప్పుడూ ఒకే వైపు తిప్పితే మల్టీకోర్ (చాలా మైకు వైర్లు కలిపిన లావుపాటి కేబుల్) మెలికపడి తెగుతుంది. ఒకసారి కుడికి తిప్పితే మరోసారి ఎడమకి తిప్పాలి. రెండు సగాలకూ వేర్వేరు స్టేజీ బాక్సులు, అంటే మైకు వైర్లు గుచ్చే పెట్టెలు, ఉండాలి. మిక్సర్‌లో ఏ సగం ఏ బాక్సుదో తప్పు ఎంచుకుంటే, స్టేజీ తిరిగేసరికి గాయకుడి పెదాలు కదులుతాయి గానీ మాట బయటికి రాదు.

రేడియోలో లైవ్ ఇవ్వాలంటే అదే సిగ్నల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్ప్లిటర్‌తో చీల్చి వేరే మిక్స్ చేయాలి, జనం వైపు రెండు మైకులు పెట్టాలి. లేకపోతే ఖాళీ గదిలో వాయించినట్టుంటుంది.

రేడియో స్టేషన్లు చక్రానికి పెట్టే శ్రద్ధ బ్యాండ్ల పారితోషికం మీద పెడితే బాగుండు. పాటలు ఎక్కువ వేస్తామని చాటుగా ఆశచూపి ఉచితంగానో చౌకగానో వాయింపించుకోవడం కుదరదని అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2025 ఫిబ్రవరిలో హెచ్చరించింది కూడా. అడగనిదే చెబుతున్నాననుకోండి.

అడగనిది ఇంకొకటి. అమెరికాలో మన తెలుగు సంఘాల సభల్లో ప్రతి అంశానికీ ముందు పావుగంట "హలో, మైక్ టెస్టింగ్" ఎందుకు? చక్రం అద్దెకు తేనక్కర్లేదు. చక్రాల రైజర్లు రెండు, తెర వెనక లైన్ చెక్‌కి ఒక హెడ్‌ఫోన్, ఎవరికి ఎన్ని మైకులో వారం ముందే తెప్పించుకున్న ఇన్‌పుట్ లిస్టు చాలు. ఆ లిస్టులో మృదంగానికి రెండు ఛానెళ్ళు రాయడం మాత్రం మరిచిపోకండి, అందరూ ఒకటే రాస్తారు.