మాస్టారి జవాబు: చీమలు, బొద్దింకలు, మా అత్తగారు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది రాజమహేంద్రవరంలో పాత డాబా, కింది వాటా. వంటిల్లంతా చీమలు, బొద్దింకలు. మా ఆయన రోజూ పడుకోబోయే ముందు సింకు కింద, గ్యాస్ బండ వెనక స్ప్రే కొడతారు. తెల్లారగానే మా అత్తగారు అదే గట్టు మూల చీమలకని చిటికెడు పంచదార వేస్తారు. “నోరులేని వాటిని చంపితే పాపంరా” అని ఆవిడ. “పాపకి పిల్లికూతలు వస్తున్నాయి, అది కనబడదా?” అని ఈయన. మధ్యలో నాకు టెన్షన్. మీరు డిగ్రీ కాలేజీలో అంతర్జాతీయ సంబంధాలు చెప్పేవారు కదా. దేశాల తగవులు తీర్చే ఆ శాస్త్రం మా వంటింటికి ఏమైనా పనికొస్తుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: పనికొస్తుందమ్మా. నేను క్లాసులో చెప్పిన చాలా ఉదాహరణల కంటే మీ వంటిల్లే ఆ పాఠానికి బాగా అతుకుతుంది.

ఏ తగవులోనైనా ముందు అడగాల్సింది ఎవరికీ ఎవరికీ అని. మీ ఉత్తరంలో పురుగులకూ మనుషులకూ మధ్య ఒక తగవుంది, తల్లీకొడుకుల మధ్య ఇంకొకటుంది. రెండూ ముడిపడిపోయాయి. బొద్దింక కనిపించినప్పుడల్లా ఇంట్లో పెద్దవాళ్ళ మాటామాటా పెరుగుతోందంటే కారణం అదే. ముడి విప్పితే రెండూ చిన్నవే.

యోహాన్ గాల్టుంగ్ అని నార్వే ఆయన, 1959లో ఓస్లోలో శాంతి పరిశోధన సంస్థ పెట్టినవాడు, తగవును త్రికోణంలా గీసి చూపించాడు. ఒక మూల మనసులో ఉండే భయం, అసహ్యం. రెండో మూల చేతలు. మూడో మూల అసలు చిక్కు, అంటే ఇద్దరికీ ఒకే చోటు, ఒకే వస్తువు కావలసి రావడం. మీ ఇంట్లో చేతలంటే స్ప్రే, పంచదార. మనసులో ఉన్నవి పాప గురించి మీ ఆయన బెంగ, పాపం తగులుతుందని అత్తగారి భయం. అసలు చిక్కు మాత్రం సింకు కింద రాత్రంతా ఆరని తడి. ఆ మూలను ముట్టుకున్నవాళ్ళు మీ ఇంట్లో ఎవరూ ఉన్నట్టు లేరు. స్ప్రే కొట్టిన మర్నాడు వంటిల్లు ప్రశాంతంగా ఉంటుంది చూడండి, గాల్టుంగ్ దాన్ని నెగెటివ్ పీస్ అంటాడు. కొట్టుకోవడం ఆగింది, కారణం అలాగే ఉంది.

ఒక రాత్రి అందరూ పడుకున్నాక టార్చి వేసి సింకు కింద తలుపు తియ్యండి. బందుల సందుల్లో మిరియాల పొడి రాలినట్టు నల్లటి నలుసులు కనిపిస్తే అక్కడే కాపురం ఉందన్నమాట. లేత గోధుమరంగులో చిన్నగా ఉండి, తల వెనక రెండు నల్ల చారలుంటే అది జర్మన్ బొద్దింక. ఆడది గుడ్ల సంచిని పిల్లలు బయటికొచ్చే దాకా ఒంటికి అంటిపెట్టుకునే తిరుగుతుంది. ఒక్కో సంచిలో 30 నుంచి 40 గుడ్లు. ఎర్రగా పెద్దగా ఉంటే అమెరికన్ బొద్దింక. అది ఎక్కువగా డ్రైనేజీలోంచి వస్తుంది, తూముకి జాలీ బిగిస్తే సగం గొడవ తీరుతుంది. ఏ రకం బొద్దింకైనా తిండి లేకుండా వారాల తరబడి బతకగలదు గానీ నీళ్ళు లేకపోతే అంతకాలం ఉండలేదు. కాబట్టి సింకు కింద కారే పైపు ముందు బాగుచేయించండి. రాత్రి గట్టు, సింకు పొడిగుడ్డతో తుడవండి. తడి మసిగుడ్డ అక్కడ వదలకండి.

స్ప్రే గురించి మీ ఆయనతో ఈ మాట చెప్పండి. దేశాల మధ్య ఆయుధ పోటీ ఎలా ఉంటుందో ఇక్కడా అంతే. బొద్దింకలకు పెట్టే ఎరలో తీపి కోసం గ్లూకోజ్ కలిపేవారు. ఆ ఎరను ముట్టని జర్మన్ బొద్దింకలు అమెరికాలో తయారయ్యాయని 1993లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. వాటికి గ్లూకోజే చేదుగా తగులుతోందని 2013లో తేలింది. మనం ఒక మెట్టెక్కితే అవి ఇంకో మెట్టెక్కుతాయి. స్ప్రేలకు తట్టుకునే బొద్దింకలూ చాలా దేశాల్లో ఉన్నాయి.

చీమల దగ్గర స్ప్రే ఇంకా చేటు చేస్తుంది. గోడల సందుల్లో ఉండే ఫారో చీమలని పసుపుపచ్చగా చాలా చిన్నవి ఉంటాయి. ఒక్కో పుట్టలో చాలామంది రాణులు. వాటి మీద మందు పడితే పుట్ట చీలిపోయి, ముక్కలు ముక్కలుగా వేరే చోట్ల కాపురాలు పెడుతుంది. మా పక్క వాటాలో స్విచ్‌బోర్డు దగ్గర కొట్టిన వారానికే పూజగదిలో ఒక బారు, బాత్‌రూములో ఒక బారు కనిపించాయి. నాయకుణ్ణి పడగొడితే ఉద్యమం పది వర్గాలవడం చరిత్రలో ఎన్నిసార్లు జరగలేదు!

మరి చీమలతో మాట్లాడేదెలా? రాణితో ఒప్పందానికి దారి లేదు. ఆవిడ ఆజ్ఞలివ్వదు, గుడ్లు పెట్టడమే ఆవిడ పని. ఇక్కడే నాకు థామస్ షెల్లింగ్ అనే అమెరికా ఆర్థికవేత్త ఎంతో ఇష్టం. మాటల్లేని రెండు పక్షాలు కూడా ఇద్దరికీ కంటికి ఆనే ఏదో ఒక హద్దు దగ్గర, ఒక నది దగ్గరో కొండ దగ్గరో, రాజీకి రాగలవని 1960లో రాశాడాయన. మీ ఇంటికి ఆ హద్దు గడప. చీమ కంటితో కంటే వాసనతోనే ఎక్కువగా దారి పడుతుంది. ముందు వెళ్ళింది వదిలిన వాసన పట్టుకునే వెనక బారు వస్తుంది. ఆ దారిని సబ్బునీళ్ళతో తుడిచేస్తే హద్దు ఎక్కడుందో మీరు చీమ భాషలో చెప్పినట్టే. అది దూరే సందును సిమెంటుతో మూయించండి. పంచదార డబ్బాకు గట్టి మూత, బెల్లం గిన్నె నీళ్ళ పళ్ళెంలో. మన అమ్మమ్మలు చేసినదే, ఒక్క ప్రాణి కూడా పోదు.

ఇక తల్లీకొడుకులు. పట్టు వేరు, అవసరం వేరు అని ఈ శాస్త్రం గట్టిగా చెబుతుంది. మీ ఆయన పట్టు స్ప్రే, అవసరం పాప ఊపిరి. అత్తగారి పట్టు గట్టు మీద పంచదార. అవసరం, పొద్దున్నే ఒక ప్రాణికి ఇంత పెట్టాలని. ఆ అవసరాన్ని చిన్నచూపు చూడకండమ్మా, మన వాకిళ్ళలో బియ్యప్పిండి ముగ్గు వెనక ఉన్నదీ అదే. అందుకే పంచదారను వంటింట్లోంచి గేటు దగ్గరికి మార్చమని ఆవిణ్ణి అడగండి. రాతిముగ్గు కాకుండా బియ్యప్పిండితో, గోడకు దూరంగా పెడితే ఆవిడ మొక్కు ఆవిడకు దక్కుతుంది, చీమల తిండి చీమలకు దక్కుతుంది. బదులుగా మీ ఆయన స్ప్రే మానాలి. బొద్దింకల వరకు మాత్రం జెల్ ఎర చుక్కలుగా బందుల దగ్గర, పాప చెయ్యి అందని చోట పెట్టుకోవచ్చు. దాని పక్కన స్ప్రే కొడితే బొద్దింక ఎర దగ్గరికే రాదు.

ఎప్పుడు మాట్లాడాలన్నది కూడా ముఖ్యమే. రెండు పక్షాలకూ నొప్పి పుట్టి, ఎవరూ గెలవలేమని తెలిసినప్పుడే చర్చలు పండుతాయని విలియం జార్ట్‌మన్ అనే ఆచార్యుడు చెప్పాడు. స్ప్రే డబ్బా అయిపోయి, అదే రోజు అత్తగారి ప్రసాదానికి చీమలు పట్టిన పూట చూసుకోండి.

దోమలతో ఈ రాజీలేవీ వద్దు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు, ఆ విషయంలో ఇంక చర్చించడానికేమీ లేదు. కూలర్, పూలకుండీ కింది పళ్ళెం, డ్రమ్ములు వారానికోసారి ఎండగట్టండి.

పాపను మాత్రం ఈ వారమే డాక్టరుకి చూపించండి. బొద్దింకల రెట్టలు, పొట్టు ఉబ్బసం ఉన్న పిల్లలకు పడవు. స్ప్రే తుంపర కూడా చాలామందికి పడదు. మీ ఆయన్నీ అత్తగారినీ ఇద్దర్నీ వెంటబెట్టుకునే వెళ్ళండి. ఆ మాట డాక్టరు నోటి నుంచి ఇద్దరూ ఒకేసారి వినాలి.