బ్రోచర్‌లో 5.9 సెకన్లు, చేతికొచ్చిన కారులో 7.4: కేసు నిలబడుతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది కావలి. రొయ్యల వ్యాపారం. ఎనిమిది నెలల కింద చెన్నైలోని ఒక షోరూమ్‌లో లగ్జరీ సెడాన్ కొన్నాను. డీజిల్ వేరియంట్. ఇన్‌వాయిస్ రూ.54 లక్షలు, మా ఫర్మ్ పేరు మీద ఉంది. సేల్స్ అబ్బాయి బ్రోచర్ చూపించి "సున్నా నుంచి వందకు 5.9 సెకన్లు సార్" అన్నాడు, అంటే ఆగి ఉన్న బండి గంటకు వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి పట్టే సమయం. అదే మాట వాట్సాప్‌లోనూ పంపాడు. ఈమధ్య మా బావమరిది ఇదే కారులో పెట్రోల్ టాప్ వేరియంట్ కొన్నాడు. ముసునూరు టోల్‌ప్లాజా దాటాక రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాది బాగా వెనకబడింది. వీడియో తీశాం. తర్వాత కంపెనీ వెబ్‌సైట్‌లో చూస్తే 5.9 ఆ పెట్రోల్‌ బండిది, నా డీజిల్‌కు 7.4 అని ఉంది. అడిగితే "కింద చిన్న అక్షరాల్లో రాశాం కదా" అంటున్నారు. కారు తిరిగిచ్చేసి డబ్బు వసూలు చేసుకోవచ్చా? కేసు నెల్లూరులో వేయొచ్చా? ఇన్‌వాయిస్ మీద చెన్నై కోర్టులే అని అచ్చేశారు. మావాళ్లు 420 కేసు పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ వీడియో సంగతి. రెండుసార్లు చూశాను. తెర మీద అంకెలు 80, 90, 100 అని ఎగబాకుతుంటే పక్క సీట్లో ఎవరో "ఆరు... ఏడు... ఎనిమిది" అని లెక్కపెడుతున్నారు. వెనక సీట్లోంచి ఒక చిన్నపిల్ల నవ్వు వినిపిస్తోంది. అది జాతీయ రహదారి 16. లారీలు, బైకులు, రోడ్డు దాటే మనుషులు ఉండే చోటు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 189 ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో వాహనాల మధ్య పందెం పెట్టుకోవడమే కాదు, వేగ పరీక్ష చేయడమూ నేరమే. మొదటిసారి అయితే మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ వీడియోను కేసులో దాఖలు చేస్తే మీ నేరానికి మీరే సాక్ష్యం ఇచ్చుకున్నట్టు. దయచేసి ఇంకోసారి అలా చేయకండి. పిల్లను కూర్చోబెట్టుకుని అసలే వద్దు.

పైగా దానివల్ల కేసుకు ఒరిగేదీ లేదు. కంపెనీ చెప్పే సెకన్లు చదునైన, పొడి ట్రాక్ మీద, తక్కువ బరువుతో, శిక్షణ ఉన్న డ్రైవర్ నడిపి, కచ్చితమైన పరికరాలతో కొలిచినవి. మీ బండిలో ఐదుగురు ఉన్నారు, ఏసీ నడుస్తోంది, లెక్క నోటితో జరిగింది. మన ఎండల్లో టర్బో ఇంజన్ పీల్చుకునే గాలి వేడెక్కితే శక్తి కాస్త తగ్గుతుంది కూడా. అవతలి లాయర్ ఈ నాలుగు మాటలు చెబితే వీడియో వీగిపోతుంది.

అందుకే నేను చెప్పేది ఒకటే. "నా కారు మెల్లగా పోతోంది" అని కేసు వేయకండి. "ఒక వేరియంట్ అంకె చూపించి ఇంకో వేరియంట్ అమ్మారు" అని వేయండి. ఈ రెండూ ఒకటే అనిపించవచ్చు కానీ చట్టం దగ్గర చాలా తేడా ఉంది. మొదటిది వస్తువులో లోపం. దాన్ని నిరూపించాలంటే నిపుణులు, ల్యాబ్ రిపోర్టు కావాలి. అంతా చేశాక మీ కారు 7.4లోనే వందకు చేరుతోందని తేలితే, కంపెనీ చెప్పిన ప్రకారమే ఉంది కాబట్టి మీరే ఓడిపోతారు. రెండోది తప్పుదోవ పట్టించే ప్రకటన, అనుచిత వ్యాపార పద్ధతి. దానికి కాగితాలు చాలు. అంగట్లో మొలగొలుకులు అని చూపించి బస్తాలో వేరే బియ్యం పోశారనుకోండి. ఆ బియ్యం బాగా ఉడుకుతాయా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు కదా. మీ కారూ మంచి కారే, చెప్పిన కారు మాత్రం కాదు.

ఒకే పేరు కింద ఇంత తేడా ఎలా ఉంటుందని మీ ఉత్తరంలో ఆశ్చర్యపోయారు. ఈ తరగతి కార్లలో ఇది మామూలే. మీ కారు కాదు గానీ, అందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాను. మన దేశంలో బీఎండబ్ల్యూ 3 సిరీస్‌లో పొడవైన వీల్‌బేస్ డీజిల్ 320ఎల్‌డీకి 190 హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు 7.6 సెకన్లు అని కంపెనీ ప్రకటించింది. అదే పొడవున్న పెట్రోల్ 330ఎల్‌ఐకి 258 హార్స్‌పవర్, 6.2 సెకన్లు. ఆరు సిలిండర్ల ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్‌కు 374 హార్స్‌పవర్, 4.4 సెకన్లు. చూడటానికి దగ్గర దగ్గరగా ఉంటాయి, పేరూ ఒకటే, వేగంలో 3 సెకన్లకు పైగా తేడా. ఇంకో విషయం చూడండి. ఆ డీజిల్‌కూ ఆ 330 పెట్రోల్‌కూ టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, 400 న్యూటన్ మీటర్లే. "టార్క్ రెండింటికీ ఒకటే సార్" అని సేల్స్‌మాన్ చెబితే అది నిజమే. కానీ వందకు చేరే సెకన్లూ ఒకటేనని కొనేవాళ్లు అనుకుంటారు. నిజం చెబుతూనే తప్పు అభిప్రాయం కలిగించడానికి ఇక్కడ బోలెడంత చోటు ఉంది. అందుకే ఏ వేరియంట్‌కు ఏ అంకో విడిగా చెప్పాల్సిన బాధ్యత అమ్మేవాళ్లదే.

"చిన్న అక్షరాల్లో రాశాం" అన్న జవాబుకు భయపడకండి. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(28) ప్రకారం ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచడం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనే. 2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. షరతు ఏదైనా పెడితే అది అసలు మాటకు విరుద్ధంగా ఉండకూడదు, అసలు మాట ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఉండాలి, అక్షరాలూ అదే ఫాంట్‌లో ఉండాలి. మీరు ఉత్తరంతో పంపిన తెలుగు పేపర్ కటింగ్‌ను లైటు కింద పెట్టి చూశాను. "5.9 సెకన్లలో 100" అని తెలుగులో బొటనవేలంత అక్షరాలు. పక్కన చుక్క గుర్తు. అట్టడుగున, కారు టైరు నీడలో, ఇంగ్లిష్‌లో చీమ తలకాయంత అక్షరాలతో "ఎంపిక చేసిన వేరియంట్‌కు మాత్రమే" అని ఉంది. ఏ వేరియంటో అక్కడా చెప్పలేదు. మీ దగ్గరున్న కాగితాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. దాన్ని మడతపెట్టకుండా, పేపర్ పేరు, తేదీ కనిపించేలా పేజీ మొత్తం భద్రం చేయండి.

"స్పెసిఫికేషన్ పేజీ చదువుకోవాల్సింది" అని కూడా వాళ్లు అంటారు. 2022 ఏప్రిల్‌లో ఎయిర్‌బ్యాగులు తెరుచుకోని ఒక కేసులో సుప్రీంకోర్టు, వేగం, బలం లెక్కలు కట్టడానికి వినియోగదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని చెప్పింది. అది భద్రతకు సంబంధించిన కేసే అయినా మన వాదనకు ఆసరా అవుతుంది.

ఇక మీ బలహీనత. బుకింగ్ ఫారం మీద "డీజిల్" అని ఉంది, కింద మీ సంతకం ఉంది. డీజిల్ కారుకు డీజిల్ ధరే తీసుకున్నారు. అంటే వేరే బండి అంటగట్టారని మీరు అనలేరు. 5.9 అన్న మాట నమ్మి ఈ బండి ఎంచుకున్నానని మాత్రమే అనగలరు. దాన్ని నిలబెట్టేది ఆ వాట్సాప్ మెసేజ్. బుకింగ్ అడ్వాన్స్ కట్టిన తేదీకి ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా చూడండి. ముందు వచ్చి, అదే సంభాషణలో డీజిల్ వేరియంట్ పేరు కూడా ఉంటే మీ కేసు సగం గెలిచినట్టే. తర్వాత వచ్చిందైతే బలం చాలా తగ్గుతుంది. ఫోన్ మార్చకండి, చాట్ తుడిచేయకండి. ప్రింట్లతో పాటు, ఫోన్‌లోని మెసేజ్‌లను సాక్ష్యంగా చూపడానికి కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ జత చేస్తాం. ఇన్‌వాయిస్, డీలర్ ఇచ్చిన ఫారం 21 (అమ్మకపు సర్టిఫికెట్), ఆర్‌సీ, ఈ మూడింటిలో మోడల్ పేరు అక్షరం అక్షరం సరిపోయిందా అన్నదీ చూడాలి.

షోరూమ్‌నీ కంపెనీనీ ఇద్దరినీ పార్టీలుగా చేర్చాలి. డీలర్ పాత మోడల్ కారు అంటగట్టిన ఒక కేసులో 2021లో సుప్రీంకోర్టు, కంపెనీకి ఆ సంగతి తెలుసనో, అందులో చేయి ఉందనో చూపించకపోతే డీలర్ తప్పుకు కంపెనీని బాధ్యుల్ని చేయలేమంది. సేల్స్‌మాన్ మెసేజ్ ఒక్కటే ఉంటే కంపెనీ తప్పించుకునేది. మీ దగ్గర కంపెనీ పేరుతో వచ్చిన పేపర్ ప్రకటన ఉంది కాబట్టి అంత తేలిక కాదు.

నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో మాత్రం వేయకండి, తిరిగొస్తుంది. 2021 డిసెంబరు నిబంధనల ప్రకారం వస్తువుకు కట్టిన సొమ్ము రూ.50 లక్షల వరకే జిల్లా కమిషన్. ఆ పైన రూ.2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్. మీరెంత పరిహారం అడుగుతున్నారన్నది లెక్కలోకి రాదు, కారుకు ఎంత ఇచ్చారన్నదే లెక్క. ఈ పద్ధతిని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా. "నేను అడిగేది ఐదు లక్షలే కదా, నెల్లూరులోనే వేద్దాం" అని నా దగ్గరకు వచ్చేవాళ్లు చాలామంది. కుదరదు. మీ ఇన్‌వాయిస్ 54 లక్షలు కాబట్టి విజయవాడలోని రాష్ట్ర కమిషనే. ఫీజు రూ.2 వేలు. ఈ-జాగృతి పోర్టల్‌లో కావలి నుంచే దాఖలు చేయవచ్చు.

చెన్నైకి పోవాల్సిన పనిలేదు. కొన్నచోటే కాకుండా ఫిర్యాదుదారు నివసించే చోట, పనిచేసే చోట కూడా కేసు వేసుకునే హక్కు 2019 చట్టం ఇచ్చింది. ఇన్‌వాయిస్ మీద ఒక లైను అచ్చేసినంత మాత్రాన ఆ హక్కు పోదు.

ఫర్మ్ పేరు మీద కొన్నారు కాబట్టి "ఇది వ్యాపార కొనుగోలు, ఈయన వినియోగదారుడే కాడు" అన్నది వాళ్ల మొదటి అభ్యంతరం అవుతుంది. 2024 జులైలో ఇలాంటి ఖరీదైన కారు కేసులోనే సుప్రీంకోర్టు, సంస్థ పేరున కొన్నా డైరెక్టర్ సొంత వాడకానికైతే వ్యాపార ప్రయోజనం కిందికి రాదని చెప్పింది. అదే ఏడాది మే నెలలో ఇంకో కేసులో, వ్యాపారం కోసమే కొన్నారని నిరూపించే భారం అవతలి వాళ్లదేనని కూడా తేల్చింది. మీ కారు ఇంటి మనుషుల కోసమే తిరుగుతోందని అఫిడవిట్ ఇవ్వండి. ఫర్మ్ లెక్కల్లో దీన్ని వ్యాపార ఆస్తిగా రాసి, ఏటా విలువ తగ్గినట్టు తరుగుదల చూపించారా అని మీ ఆడిటర్‌ను ఇప్పుడే అడగండి. అది విచారణలో బయటపడి నేను తడుముకునేకన్నా ముందే తెలిస్తే జవాబు సిద్ధం చేసుకుంటాను.

కారు తిరిగిచ్చేసి 54 లక్షలు రాబట్టడం మీద ఆశ పెట్టుకోవద్దు. ఎనిమిది నెలలు నడిపిన, ఏ లోపమూ లేని కారుకు పూర్తి సొమ్ము వాపసు ఇవ్వమని కమిషన్ చెప్పడం కష్టం. ప్రకటనలో చెప్పిన మైలేజీ రాలేదన్న ఒక కారు కేసులో కింది కమిషన్లు వేసిన లక్ష రూపాయల పరిహారాన్నే జాతీయ కమిషన్ 2024 జనవరిలో ఖాయం చేసింది. కారు ధర వాపసు ఇప్పించలేదు. మీ కేసులోనూ పరిహారం, ఖర్చులు, ప్రకటన సరిదిద్దమనే ఆదేశం అడగడం న్యాయంగా ఉంటుంది. నోటీసు అందాక షోరూమ్ వాళ్లు పొడిగించిన వారంటీ, ఉచిత సర్వీసు ప్యాకేజీ లాంటివి ఇస్తామని రావచ్చు. ఏం ఇచ్చినా కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. బాగుంటే ఒప్పుకోవడంలో తప్పులేదు. అలా కాకుండా పెట్రోల్ బండితో సమానం చేస్తామని ఎవరైనా ఇంజన్ కంప్యూటర్‌లో మార్పులు చేయబోతే ఒప్పుకోకండి. వారంటీ పోతుంది, కేసూ పోతుంది.

420 అంటే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318(4). మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపించాలి. బుకింగ్ ఫారం మీద డీజిల్ అని స్పష్టంగా ఉన్నప్పుడు అది నిలవదు, స్టేషన్ చుట్టూ తిరగడమే మిగులుతుంది. దానికన్నా వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 17 కింద ఆ పేపర్ ప్రకటన మీద జిల్లా కలెక్టర్‌కు ఫిర్యాదు రాయండి. అది కేంద్ర ప్రాధికార సంస్థ దాకా వెళితే మొదటి తప్పుకే రూ.10 లక్షల వరకు జరిమానా వేసే అధికారం వాళ్లకుంది. ఆ డబ్బు మీకు రాదు. కానీ ఆ ప్రకటన చూసి రేపు ఇంకొకరు మోసపోకుండా ఉంటారు.

గడువు రెండేళ్లు. డెలివరీ తేదీ నుంచే లెక్కపెట్టుకుంటే మీకు ఇంకా పదహారు నెలలు ఉన్నాయి. కానీ వెబ్‌సైట్‌లో ఈ రోజు కనిపిస్తున్న 7.4 అంకె, ఆ పాత బ్రోచర్ పీడీఎఫ్ ఎప్పుడైనా మాయం కావచ్చు. ఈ రాత్రికే రెండూ తేదీతో సహా సేవ్ చేసి ప్రింట్ తీయండి. తర్వాత వాట్సాప్ చాట్ మొత్తం, బుకింగ్ ఫారం తీసుకుని రండి. పదిహేను రోజుల గడువుతో నోటీసు రాసి స్పీడ్ పోస్టులో ఇద్దరికీ పంపుదాం.