ఫైవ్ బరో టూర్‌కి కొత్త సైకిల్ కొనాలా అని అడిగారు

మీ ప్రశ్న ఇది: న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటున్నారు, మే మొదటి ఆదివారం న్యూయార్క్ నగరపు ఐదు బరోల (పెద్ద విభాగాల) మీదుగా జరిగే ఫైవ్ బరో బైక్ టూర్‌కి పేరిచ్చారు, ఇంట్లో నాలుగేళ్ల హైబ్రిడ్ సైకిల్ (నిటారుగా కూర్చుని తొక్కేది) ఉంది, 40 మైళ్ల టూర్ కోసం సన్న టైర్లతో వంగి తొక్కే రోడ్ బైక్ కొనాలా? కొనొద్దండి. ఆ డబ్బులో పదో వంతు పాత సైకిల్ మీద పెడితే చాలు.

ఎందుకో చెప్తాను. రోడ్ బైక్ కొనేది వేగం కోసం. ఈ టూర్‌లో మొదటి పది మైళ్లు వేగం మీ చేతుల్లో ఉండదు. 1977లో మొదటిసారి జరిగినప్పుడు తొక్కినవాళ్లు సుమారు 250 మంది. ఇప్పుడు 32 వేల మంది. సిక్స్త్ ఎవెన్యూ మీద విశాలంగా సాగే జనం సెంట్రల్ పార్క్ దగ్గర ఇరుకున పడతారు, హార్లెమ్ దాటి బ్రాంక్స్ వంతెన ఎక్కేచోట మళ్లీ ఇరుక్కుంటారు. అక్కడక్కడ దిగి నడిపించుకుంటూ పోవాల్సి వస్తుంది. పైగా కొత్త రోడ్ బైక్ మీద వంగి కూర్చోవడం అలవాటు లేకపోతే ఇరవయ్యో మైలుకల్లా అరచేతులు తిమ్మిరెక్కుతాయి, మెడ పట్టేస్తుంది.

గేర్ల లెక్క కూడా చూడండి. మామూలు రోడ్ బైక్‌లో ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనక పెద్దదానికి 28. మీ హైబ్రిడ్‌కి ముందు మూడు పళ్లచక్రాలుంటే చిన్నదానికి 28, వెనక పెద్దదానికి 34 ఉండొచ్చు, లెక్కపెట్టుకోండి. పెడల్ ఒక చుట్టు తిరిగితే రోడ్ బైక్ వెనక చక్రం 1.2 సార్లు తిరుగుతుంది, మీది 0.8 సార్లు. అంటే ఎత్తు మీద నిమిషానికి 60 చుట్లు తొక్కాలంటే రోడ్ బైక్ గంటకు 9 కిలోమీటర్లు పోవాలి, మీది 6 పోతే చాలు. అలసిన మోకాళ్లకు ఈ తేడా ప్రాణం లాంటిది.

ఈ టూర్‌లో మనిషిని ఓడించేది బ్రూక్లిన్ నుంచి స్టాటెన్ ఐలాండ్‌కి దాటించే చివరి వంతెన, వెరజానో. మిగతాదంతా చదునే అనుకోవచ్చు, క్వీన్స్‌బరో వంతెన ఒక్కటి కాస్త ఊపిరి తీయిస్తుంది. ఆస్టోరియా పార్క్‌లో ఆగేసరికి దారి సగం అయిపోతుంది, ఒంట్లో ఓపిక ఉంటుంది, బ్రూక్లిన్‌లో అందరూ రెచ్చిపోయి తొక్కుతారు. తప్పంతా అక్కడే జరుగుతుంది. ఆ తర్వాత కార్లు ఖాళీ చేసిన గోవానస్ ఎక్స్‌ప్రెస్‌వే వస్తుంది. నేల మీద కాదు, స్తంభాల మీద పోయే రోడ్డు, చెట్టూ చాటూ లేవు, సముద్రం వైపు నుంచి గాలి నేరుగా ముఖానికి కొడుతుంది. అంతసేపూ ఎదురుగాలి తిన్న తొడలతో వంతెన మొదలుపెట్టాలి.

ఆ వంతెన కింద ఓడలు పోవడానికి 228 అడుగుల ఎత్తు వదిలారు. మీరు ఎక్కాల్సింది ఆ ఎత్తుకే. నిటారుగా ఉండదు, కానీ దాదాపు మైలు దూరం తగ్గదు. పైగా తొక్కేది కింది అంతస్తులో, 1969లో తెరిచిన భాగంలో. నెత్తిన పై అంతస్తు కప్పులా ఉంటుంది, పక్కల నుంచి సముద్రం కనిపిస్తుంది, ఎదురుగా మాత్రం ఒకటే రోడ్డు. శిఖరం ఎక్కడుందో కంటికి అందదు కాబట్టి 'ఇంకెంత' అన్న ఆలోచనే మనిషిని సగం చంపుతుంది. గుర్తు ఒకటే: రెండు పెద్ద గోపురాల నడుమ దూరం 4,260 అడుగులు, అందులో సగానికి చేరితే ఎత్తు అయిపోయినట్టే. మొదటి గోపురం దాటాక ఇంకో 650 మీటర్లు, అంతే.

ముందు చిన్న పళ్లచక్రానికి గేరు ఎత్తు మొదలవకముందే, చదును మీదే మార్చేయాలి. బలంగా తొక్కుతూ మారిస్తే గొలుసు జారి పడిపోతుంది, వెనకొచ్చేవాళ్లు మీ మీద పడతారు. వెనక గేరు పెద్ద చక్రానికి ఎక్కనని మొరాయిస్తుంటే, వెనక డిరైల్యూర్‌లోకి (గొలుసును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే భాగం) కేబుల్ దిగేచోట ఉండే చిన్న మరను గడియారానికి వ్యతిరేకంగా అర చుట్టు తిప్పండి. ఇది వారం ముందే చూసుకోవాలి, వంతెన మీద కాదు. ముందు సస్పెన్షన్ ఉన్న సైకిలైతే ఎక్కేటప్పుడు లాక్ చేయండి, లేకపోతే తొక్కిన బలంలో కొంత ఆ స్ప్రింగే తినేస్తుంది. దిగేటప్పుడు రోడ్డుకి అడ్డంగా ఇనుప అతుకులు వస్తాయి. వాటిని నేరుగా దాటాలి, వాటి మీద బ్రేకు వేయకూడదు, సీటు మీంచి కొంచెం లేవాలి.

ఇక ఆ పదో వంతు డబ్బు దేనికంటే, మొదట టైర్లకు. పక్కలు పగుళ్లిచ్చి ఉంటే రెండూ మార్చండి. 75 కిలోల మనిషికి 38 మిల్లీమీటర్ల టైరులో 55 నుంచి 60 పీఎస్‌ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది, టైరు పక్కన రాసిన గరిష్ఠం మాత్రం దాటొద్దు. గాలి వారానికే తగ్గిపోతుంది కాబట్టి ముందురోజు రాత్రి నింపండి. గాలి తక్కువుంటే గుంతలో పడ్డప్పుడు రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ట్యూబు నలిగి పాముకాటులా పక్కపక్కనే రెండు కన్నాలు పడతాయి.  సీటు కింద చిన్న సంచిలో ఒక ట్యూబు (సైజు, వాల్వు రెండూ సరిచూసి), టైరును రిమ్ము నుంచి ఊడదీసే రెండు టైర్ లీవర్లు, చేతి పంపు పెట్టుకోండి. వీపు సంచులు రానివ్వరు, హెల్మెట్ తప్పనిసరి. తర్వాత బ్రేకు ప్యాడ్లు: గాడులు అరిగి కనబడకపోతే మార్చేయాల్సిందే. మిగిలింది ప్యాడ్ ఉన్న సైక్లింగ్ షార్ట్స్‌కి. దాని లోపల ఇంకేమీ వేసుకోకూడదు. మొహమాటపడి వేసుకుంటే కుట్లు ఒరుసుకుని తొడలు పుండవుతాయి.

అభ్యాసానికి ఆరు వారాలు చాలు. వారాంతానికొకసారి 12, 16, 20, 25, 30 మైళ్లు, ఆఖరి వారం తేలిగ్గా. మీ ఇంటి దగ్గర మిడిల్‌సెక్స్ గ్రీన్‌వే ఉంది కానీ మూడున్నర మైళ్లే. దూరాలకు డెలవేర్ రారిటన్ కాలువ గట్టు మంచిది. రెండూ చదునే కాబట్టి వారానికొక రోజు ఏదైనా ఓవర్‌బ్రిడ్జి మీద ఆరుసార్లు ఎక్కి దిగండి.

తిండి విషయంలో మనవాళ్లు చేసే పొరపాటు పొద్దున్నే పెసరట్టు ఉప్మా లాగించడం. రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు, దారిలో ముప్పావు గంటకోసారి అరటిపండో రెండు ఖర్జూరాలో, గంటకు అర లీటరు నీళ్లు. ఆకలేశాక తింటే ఆలస్యమైనట్టే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. క్వీన్స్‌బరో వంతెన మీద మధ్యలో టక్కున ఆగి ఫోటోలు తీసుకునేవాళ్ల వల్లే పడేవాళ్లు పడుతున్నారు. ఫోటో కావాలంటే చెయ్యెత్తి, 'స్టాపింగ్' అని అరిచి, కుడి అంచుకు పూర్తిగా వచ్చాకే దిగండి. నెమ్మదిగా పోయేవాళ్లది కుడి పక్క, దాటాల్సింది ఎడమ నుంచి. మన దేశపు అలవాటుకి ఇది తలకిందులు కాబట్టి మనవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని 32 వేల మంది మధ్య తొక్కడం మాత్రం నేరమే.

తిరుగు ప్రయాణం గురించి ఎవరూ అడగరు, అదే ఎక్కువ ఏడిపిస్తుంది. ముగింపు స్టాటెన్ ఐలాండ్‌లో. అక్కడి నుంచి ఇంకో మూడు మైళ్లు తొక్కితే గానీ సెయింట్ జార్జ్ ఫెర్రీ రేవు రాదు. ఫెర్రీ ఉచితం, ప్రయాణం 25 నిమిషాలే, క్యూ మాత్రం చాంతాడంత. చెమట పట్టిన ఒంటికి రేవు గాలి తగిలితే వణుకొస్తుంది కాబట్టి జేబులో పట్టే పల్చటి విండ్‌చీటర్ ఉండాలి. మ్యాన్‌హట్టన్‌లో దిగాక వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర పాత్ (న్యూయార్క్, న్యూజెర్సీల మధ్య నడిచే రైలు) స్టేషన్ మైలు లోపే. వారాంతాల్లో పాత్ రైళ్లలో సైకిల్ ఎక్కించుకోవచ్చు, ఎస్కలేటర్ మీద కాదు, లిఫ్టులో దించాలి. ఆదివారం తెల్లవారుజామున ఎడిసన్ నుంచి రైళ్లు తక్కువ కాబట్టి, పొద్దున కారు జెర్సీ సిటీలో ఆపి అక్కడే పాత్ ఎక్కడం మేలు. తిరిగొచ్చేసరికి కారు దగ్గరే ఉంటుంది, అందులో ఒక జత పొడి బట్టలు, పులిహోర డబ్బా పెట్టి వెళ్లండి.